నాన్న ఆదాయం ఎంత?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడం ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. ఆదివారం చికెన్ కోసం ప్లేటు పట్టుకుని నిలబడిన లైను, నీళ్ళ ట్యాంకు దగ్గర పోట్లాటలు, పరీక్షల ముందు మెట్ల మీద లైటు కింద చదువులు, నూకాలమ్మ జాతరకి అనుమతి కోసం బతిమాలుకోవడాలు. కాని అవి మనలో ఎవరైనా రాస్తారు. ఎవరూ రాయని విషయం ఒకటి ఉంది. దాని గురించే రాస్తున్నాను.

ప్రతి ఏటా స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో మన హాస్టల్లో కొందరు ఫారం నింపుతూ నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోతారు. పెన్ను మూత పెట్టేస్తారు. "తర్వాత రాస్తానులే" అని పక్కకి పెట్టేస్తారు. ఆ గడి పేరు "తండ్రి వార్షిక ఆదాయం".

నాన్న ఉన్నవాళ్ళకి అదొక అంకె. నాన్న లేనివాళ్ళకి మరణ ధ్రువపత్రం ఉంటుంది. మరి నాన్న ఉండి కూడా లేనివాళ్ళ సంగతేమిటి? ఇంట్లోంచి వెళ్ళిపోయి, వేరేచోట వేరే సంసారం పెట్టుకుని, ఏళ్ళ తరబడి పైసా పంపని నాన్నల పిల్లలు ఆ గడిలో ఏం రాయాలి? నేను అలాంటి కూతుర్నే. ఈ మాట మన హాస్టల్లో ఉన్న అయిదేళ్ళలో గట్టిగా అనలేకపోయాను. ఇప్పుడు ఇరవైమూడేళ్ళు వచ్చి, ఎం.ఏ. పూర్తిచేశాక, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే అయ్యాక అనగలుగుతున్నాను.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాన్న ఇల్లు వదిలి వెళ్ళారు. విడాకులు లేవు, కోర్టు లేదు, పెద్దమనుషుల తగువు కూడా సరిగా జరగలేదు. ఒక రోజు డ్యూటీకి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. గాజువాక వైపు ఒక కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం ఆయనది. అమ్మ చెరకు తోటల్లో, ఊడ్పుల్లో, ఉపాధి హామీ పనుల్లో కూలి చేసి నన్నూ తమ్ముడినీ పెంచింది. రేషన్ కార్డులో మాత్రం నాన్న పేరు అలాగే ఉండిపోయింది. తీయించాలని అమ్మకి తోచలేదు. కార్డు మీద పేరున్నా మనిషి మళ్ళీ వస్తాడేమోనని ఉంచిందేమో కూడా, నాకు తెలీదు.

కరోనా వల్ల ఆలస్యమై 2021 మొదట్లో డిగ్రీ తరగతులు మొదలయ్యాయి. ఫీజు పథకానికి దరఖాస్తు పెడితే అనర్హులు అని వచ్చింది. కారణం ఏమిటని అడిగితే "మీ కుటుంబానికి కారు ఉందమ్మా" అన్నారు. నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాన్న కారు కొనుక్కున్నారని మాకు ఆ రోజే తెలిసింది. ఆ కారు మేమెప్పుడూ ఎక్కలేదు. దాని రంగేమిటో కూడా తెలీదు. కాని ఆ కారు నా చదువుకి అడ్డంగా వచ్చి నిలబడింది.

తలా ఒక సలహా చెప్పారు. విడాకుల కాగితం రాయించుకోమని ఒకరు. నాన్న కాళ్ళు పట్టుకోమని ఒకరు. ఎక్కువమంది చెప్పింది మాత్రం ఇది: "చనిపోయాడని రాసేయండి, గొడవుండదు." అమ్మ ఒప్పుకోలేదు. "మనిసి బతికుండగా సచ్చిపోనాడని ఎలగ రాసీమంటారమ్మా? రేపు నీ పెళ్ళి కాగితం మీద ఏటి రాత్తాం?" అంది. నాకూ చెయ్యి రాలేదు. నాన్న మీద నాకు కోపం లేదని చెప్పను. కాని చిన్నప్పుడు కొత్త అమావాస్య జాతరకి నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది కూడా ఆయనే. అలాంటి మనిషిని పద్నాలుగు వేల రూపాయల ఫీజు కోసం కాగితం మీద చంపడం నావల్ల కాలేదు.

చివరికి నాన్న దగ్గరికే వెళ్ళాం. కంపెనీ గేటు బయట అరగంట నిలబడ్డాక వచ్చారు. "మీ పోషణ నేను చూడటం లేదు" అని ఒక కాగితం మీద సంతకం పెట్టమని అడిగాను. "అలా రాసిస్తే రేపు ఆఫీసులో నా మీదే పడుతుంది" అన్నారు. బస్సు చార్జీలకని రెండు వందలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. మాకు తొమ్మిదేళ్ళలో నాన్న ఇచ్చిన ఆదాయం ఆ రెండు వందలే. ఫారంలో రాయవలసి వస్తే న్యాయంగా ఆ అంకె రాయాలి.

మొదటి ఏడాది ఫీజు అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టాం. ఆ తర్వాత మన వార్డెన్ మేడం పూనుకున్నారు. ఇంటర్లో హాస్టల్లో చేరినప్పటి నుంచి నా ప్రతి ఫారం మీదా సంరక్షకురాలిగా అమ్మ సంతకమే ఉందని, చూడడానికి వచ్చేది అమ్మేనని హాస్టల్ కాగితం మీద రాసిచ్చారు. ఆ ఉత్తరం పట్టుకుని తిరిగాం. వి.ఆర్.ఓ. గారు మా వీధికి వచ్చి ఇరుగుపొరుగు అయిదుగురి చేత చెప్పించుకుని రాసుకున్నారు. మా కుటుంబాన్ని విడిగా నమోదు చేయడానికి నాలుగు నెలలు పట్టింది. నాకు మంచి వార్డెన్, మనసున్న వి.ఆర్.ఓ. దొరికారు. దొరకనివాళ్ళు ఏమవుతారు? నా మాట ఇక్కడే మొదలవుతుంది. ఒక పిల్ల చదువు, ఎదురుపడిన ఉద్యోగి మంచితనం మీద ఆధారపడకూడదు. అది నిబంధనలోనే ఉండాలి.

ఇప్పుడు నిబంధన ఏమిటో చూద్దాం. మనం అందుకునే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నిన్న మొన్న పుట్టింది కాదు. డాక్టర్ అంబేద్కర్ గారు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉన్న రోజుల్లో, 1944లో మొదలైంది. దానికి ఆదాయ పరిమితి ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షలు. తల్లిదండ్రుల్లో ఒక్కరు బతికి ఉన్నా తల్లిదండ్రుల ఆదాయాన్నే చూడాలి, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నా అది కలపకూడదని కేంద్ర నిబంధనల్లో ఉంటూ వచ్చింది. నిజానికి ఇది దయగల నిబంధనే. అన్న కూలి డబ్బులు, మావయ్య జీతం చూపించి మనకి స్కాలర్‌షిప్ ఆపకూడదని పెట్టింది. కాని ఆ వాక్యం రాసినవాళ్ళు తల్లీ తండ్రీ ఒకే కప్పు కింద ఉంటారనుకున్నారు. తండ్రి బతికే ఉండి, ఆయన సంపాదన పిల్లలకు చేరని ఇల్లు వాళ్ళ లెక్కలో లేదు.

మన రాష్ట్రంలో 2019 చివర్లో వచ్చిన ఫీజు మార్గదర్శకాల్లో ఆదాయంతో పాటు భూమి, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, నాలుగు చక్రాల బండి కూడా చూశారు. పేరు ఒకే కుటుంబంలో నమోదై ఉంటే చాలు, కంప్యూటరు అందరినీ కలిపి లెక్క కడుతుంది. ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారో దానికి తెలియదు. ఇందులో ఒక విచిత్రం కూడా ఉంది. 2021లో విద్యా దీవెన డబ్బు తల్లి ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. పిల్లల చదువు బాధ్యత తల్లి చూస్తుందనే నమ్మకంతోనే కదా! తర్వాత ఆ పద్ధతి మారిందనుకోండి. కాని డబ్బు వేసేటప్పుడు అమ్మని నమ్మినవాళ్ళు, అర్హత చూసేటప్పుడు కూడా అమ్మ ఆదాయాన్నే చూసి ఉంటే బాగుండేది.

మిగతా కాగితాలు ఈ విషయంలో మన ఫారం కన్నా ముందుకు వెళ్ళిపోయాయి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడు ముందు తండ్రి, ఆయన తర్వాత తల్లి అని రాసింది. రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వు బ్యాంకు మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 1999లో ఆ "తర్వాత" అనే మాటకి అర్థం చెప్పింది. తండ్రి చనిపోయాక మాత్రమే అని కాదు, తండ్రి పట్టించుకోకుండా దూరంగా ఉన్నా తల్లే సంరక్షకురాలు అని. 2015లో మరో తీర్పులో, పెళ్ళికాని తల్లి తన బిడ్డకు సంరక్షకురాలు కావడానికి తండ్రి పేరు బయటపెట్టనక్కరలేదని చెప్పింది. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మారి తల్లి, తండ్రుల్లో ఒకరి పేరిస్తే చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు పాన్ కార్డుకి తండ్రి పేరు ఇవ్వనక్కరలేదు. అంటే తండ్రి ఊసు లేకుండా విదేశాలకు వెళ్ళవచ్చు, పన్ను కట్టవచ్చు. పక్క ఊరి కాలేజీలో ఫీజు రాయితీకి మాత్రం ఆయన జీతం కావాలి!

ఇంకొకటి చూడండి. భార్యకీ మైనరు పిల్లలకీ భరణం ఇవ్వాలని చట్టం చెబుతోంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ ఇప్పుడు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. మతంతో సంబంధం లేకుండా అందరికీ వర్తిస్తుంది. కాని పద్దెనిమిదేళ్ళు నిండిన, ఆరోగ్యంగా ఉన్న కొడుకుకి ఆ సెక్షన్ కింద భరణం రాదు. మా తమ్ముడి సంగతే తీసుకోండి. వాడికి పద్దెనిమిది నిండగానే చట్టం నాన్నతో "ఇక నీకు బాధ్యత లేదు" అంటుంది. అదే ఏడాది వాడు డిగ్రీలో చేరితే ఫారం వాడితో "మీ నాన్న జీతం చూపించు" అంటుంది. బాధ్యత లేనివాడి జీతం లెక్కలోకి ఎలా వస్తుంది? ఈ ప్రశ్నకి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో కాలేజీ సాయానికి విద్యార్థులు ఫాఫ్సా అనే ఫారం నింపుతారు. తల్లిదండ్రులు విడిపోయి వేరువేరుగా ఉంటే అందులో ఒక్కరి ఆదాయమే అడుగుతారు. మొదట్లో బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రోజులు ఉంటే వాళ్ళది అడిగేవారు. 2024-25 నుంచి బిడ్డకు ఎవరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారో వాళ్ళది అడుగుతున్నారు. అక్కడ కొన్ని ప్రైవేటు కాలేజీలు తమ సొంత సాయానికి సి.ఎస్.ఎస్. ప్రొఫైల్ అనే ఇంకో ఫారంలో ఇద్దరి ఆదాయమూ అడుగుతాయి. అయినా తండ్రితోనో తల్లితోనో సంబంధాలే లేని పిల్లలు మినహాయింపు కోరవచ్చు. సంగతి తెలిసిన టీచరు లాంటి బయటి మనిషి ఉత్తరాన్ని దానికి ఆధారంగా తీసుకుంటారు. మన వార్డెన్ మేడం నాకు రాసిచ్చింది అలాంటి ఉత్తరమే. అక్కడ దానికి ఒక పద్ధతి ఉంది. ఇక్కడ అది మేడం మంచితనం అయింది.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట కొట్టిపారేయలేం. "తండ్రి ఆదాయం వదిలేస్తే, కలిసి ఉన్నవాళ్ళు కూడా విడిపోయామని రాసి స్కాలర్‌షిప్ పట్టుకుపోతారు. నష్టపోయేది నిజమైన పేదలే" అంటారు. నిజమే. స్కాలర్‌షిప్ డబ్బు మన అందరిదీ. ఒక దొంగ దరఖాస్తు మనలో ఒకరి ప్లేట్లో అన్నం తీసేస్తుంది. కాని ఇప్పుడున్న పద్ధతి దొంగలను ఆపుతోందా? డబ్బున్నవాడు ఎలాగో ఒక కాగితం తెచ్చుకుంటాడు. నిజం చెప్పే కూలిదాని కూతురే ఆగిపోతోంది. పైగా ఈ పద్ధతి మన చేతే అబద్ధం ఆడిస్తోంది. నా రూమ్మేటు ఒకమ్మాయి చుట్టాల మాట విని నాన్న చనిపోయాడని రాసింది. స్కాలర్‌షిప్ వచ్చింది. కాని రేపు ఉద్యోగం వస్తే పోలీసు వెరిఫికేషన్‌లో ఏమవుతుందోనని ఈనాటికీ భయపడుతోంది. ఆ అమ్మాయి దొంగ కాదు. నిజం రాయడానికి ఫారంలో గడి లేక అబద్ధం రాసిన మనిషి.

ఇంకొందరు "తండ్రి ఎందుకు తప్పించుకోవాలి? ఆయన చేతే కట్టించాలి" అంటారు. నేనూ అదే అంటాను. కాని కట్టించే పని ఎవరిది? పదిహేడేళ్ళ ఆడపిల్ల కంపెనీ గేటు దగ్గర నిలబడి చేయవలసిన పనా అది? కోర్టులున్నాయి, న్యాయ సేవాధికార సంస్థలున్నాయి. వాళ్ళు వసూలు చేయనివ్వండి. ఈలోగా పిల్ల తరగతిలో కూర్చోవాలి. నా వాదన ఒక్క మాటలో చెప్పాలంటే ఇది: అందిన భరణాన్ని లెక్కలో వేయండి, అందని జీతాన్ని వేయకండి.

దీనికోసం ప్రభుత్వం చేయవలసింది పెద్ద పనేమీ కాదు. దరఖాస్తులో "తండ్రి ఆదాయం" అనే గడికి ముందు "మీ పోషణ ఎవరు చూస్తున్నారు?" అని ఒక ప్రశ్న చేర్చాలి. తల్లి ఒక్కతే అని రాస్తే విడాకుల డిక్రీ అడగకూడదు. మన ఇళ్ళలో కాపురాలు కోర్టులో విడిపోవు, గుమ్మంలో విడిపోతాయి. స్థానిక విచారణ, వార్డెన్ లేదా హెడ్మాస్టరు ఉత్తరం, ఇరుగుపొరుగు వాంగ్మూలం చాలని జీవోలోనే రాయాలి. విచారణకు గడువు పెట్టాలి. ఏటా రెన్యూవల్ అప్పుడు తల్లి చేత డిక్లరేషన్ తీసుకోవాలి. అబద్ధమని తేలితే చర్య పెద్దవాళ్ళ మీద ఉండాలి, పిల్ల హాల్ టికెట్ మీద కాదు. ఇది కుదరని పని కాదు. మన సామాజిక పింఛన్లలో "ఒంటరి మహిళ" అనే వర్గం ఉండనే ఉంది. తెలంగాణలో కూడా 2017లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టారు. భర్త వదిలేసిన మనిషి అని పింఛను కోసం గుర్తించగలిగినప్పుడు, ఆ మనిషి బిడ్డని స్కాలర్‌షిప్ కోసం ఎందుకు గుర్తించలేరు?

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ, నిబంధన మారేదాకా మనం చేయగలిగింది కూడా కొంత ఉంది. నా అనుభవంతో చెబుతున్నాను.

బతికున్న నాన్నని చనిపోయాడని ఎప్పుడూ రాయవద్దు. తప్పుడు ధ్రువీకరణ నేరం. అంతకన్నా ముఖ్యంగా, ఆ అబద్ధం మీ వెంట ప్రతి సర్టిఫికెట్‌లోనూ వస్తుంది. నాన్న విడిగా ఉంటున్నారని, పోషణ అమ్మదేనని ఉన్నది ఉన్నట్టు ఒక తెల్లకాగితం మీద రాసి ఫారానికి జతచేయండి. తీసుకున్నట్టు రసీదు అడగండి.

స్కాలర్‌షిప్ తేదీ దగ్గరపడ్డాక కాదు, సెలవుల్లోనే మొదలుపెట్టండి. రేషన్ కార్డులో, సచివాలయం నమోదులో మీ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో ముందుగా చూసుకోండి. అమ్మ జాబ్ కార్డు, అమ్మ బ్యాంకు పుస్తకం, మీ స్కూలు, హాస్టల్ ప్రవేశ ఫారాల నకళ్ళు ఒక కవర్లో పెట్టి దాచండి. మీ అమ్మ సంతకమో వేలిముద్రో ఉన్న ప్రతి కాగితమూ సాక్ష్యమే.

పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టండి. భరణం కోసం వకీలుకి డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకి ఫోన్ చేస్తే చెబుతారు. పద్దెనిమిది నిండిన పెళ్ళికాని హిందూ ఆడపిల్లలు, తమను తాము పోషించుకోలేని స్థితిలో ఉంటే, 1956 నాటి దత్తత, భరణాల చట్టం కింద తండ్రి నుంచి భరణం కోరవచ్చు. సుప్రీంకోర్టు 2020లో కూడా ఈ హక్కు ఉందని చెప్పింది.

అన్నిటికన్నా ముందు చేయవలసింది ఒకటుంది. ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయిన స్నేహితురాలి పక్కన కూర్చోండి. ఏమైందని నలుగురిలో అడగకండి. "ఇది నీ తప్పు కాదు, వార్డెన్ మేడంతో మాట్లాడదాం రా" అనండి. నాకు ఆ మాట మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పూర్వ విద్యార్థులకు కూడా ఒక విన్నపం. మీలో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు, ముఖ్యంగా సచివాలయాల్లో, మండల ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు, మీ బల్ల ముందు ఒక తల్లీ కూతురూ నిలబడి "ఆయన మాతో ఉండటం లేదండి" అన్నప్పుడు కుర్చీ చూపించి కూర్చోమనండి. ఆ మాట చెప్పడానికి వాళ్ళు ఎన్ని రోజులు కూడబలుక్కుని వచ్చారో మీకు తెలుసు.

అమ్మ కమ్మలు నేను ఎం.ఏ. చదువుతూ ట్యూషన్లు చెప్పిన డబ్బుతో విడిపించాను. ఈ ఏడాది మా తమ్ముడు డిగ్రీ ఫారం నింపాడు. అమ్మ పక్కన కూర్చుని "ఏటి రాసినావురా ఆ గడిలో?" అని అడిగింది. "నాన్న మనతో లేరు. పెంచింది అమ్మ. అమ్మ ఆదాయం ఇది అని రాశానమ్మా" అన్నాడు. అమ్మ చదువుకోలేదు. అయినా ఆ కాగితం తీసుకుని కాసేపు చూసి, తన వేలిముద్ర తనే వేసింది.

ఆ వేలిముద్ర చాలని ఒప్పుకునే ఫారం మన చెల్లెళ్ళ, తమ్ముళ్ళ కాలానికైనా రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

— ఒక పూర్వ విద్యార్థిని, ఎం.ఏ.